పురుగుకు వదిలిన మళ్లు

నీళ్ల గొట్టం నా చేతిలో ఉంది. మొక్కజొన్న వేరుముద్దకు పట్టిన మట్టి కరిగి జల్లెడ మీదికి జారుతోంది. ఒకే మడిలోంచి తవ్వి తెచ్చిన వేర్లలో అది నాలుగోది. ముందు కడిగిన మూడింటినీ పురుగు తినేసింది. వాడి వాడి అరిగిపోయిన చీపుర్లలా మొదళ్లు మాత్రం మిగిలాయి. ఒకదానికి మొలకెత్తిన నాటి గింజ పొట్టు ఇంకా అతుక్కుని ఉంటే చూశాను, నీలం రంగు. నాలుగోది మాత్రం తెల్లగా, దట్టంగా, ఎక్కడా కొరికిన గుర్తు లేకుండా బయటపడింది. దీనికీ కాండం అడుగున పొట్టు ముక్క ఒకటి ఉంది. ధార తగ్గించి వేలితో తుడిచాను. ఎర్రగా ఉంది.

ఒకే మడిలో రెండు రంగుల గింజలు ఉండటానికి వీల్లేదు. ఆ పనిలో చేరిన మొదటి రోజే మాకు చెప్పిన సంగతి అది. ఎర్ర రంగు పురుగుమందు పూసిన గింజది. నీలం రంగు ఆ మందు లేనిది.

మీటరున్నర దూరంలో ఇంకో బల్ల దగ్గర లేబుళ్లు కడుతున్న అమ్మాయి నా చెయ్యి ఆగడం గమనించింది. వచ్చి వంగి చూసింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు వేరు మీద కాసేపు నిలిచి, షెడ్డు అవతలి చివరికి వెళ్లాయి. అక్కడ ట్రయల్, అంటే ఈ పొలం పరీక్ష, నడిపే జర్మన్ ఆవిడ మాకు వీపు పెట్టి పారలు కడుగుతోంది.

"ఆంటీ, దీనికి స్కోర్ రాసిన్రా?" అంది అమ్మాయి, గొంతు బాగా తగ్గించి.

"ఇంకా లేదు."

"రాయకుండ్రి. జర ఆగుండ్రి."

నేను దినపత్రికలో పనిచేసిన మనిషిని. రాయకండి అని ఎవరైనా అన్నారంటే రాయాల్సిందేదో ఉందన్నమాట. ఆ వేరును స్కోరు లేకుండా, పక్కన అదే మడి నంబరు రాసున్న ఖాళీ బకెట్లో నిలబెట్టాను.

"సాయంత్రం ఆవిడ షీట్లు తీసుకెళ్తుంది. ఆలోగా ఆవిడకి నువ్వే చెప్పాలమ్మా," అన్నాను.

"ఏం చెప్పాల్నో నాకే తెలుస్తలేదు," అంది. లేబుళ్ల చుట్ట ఆమె చేతిలోంచి జారి తడి నేల మీద దొర్లుకుంటూ పోయింది. ఆమె దాన్ని తీయలేదు.

అది కరోనా వచ్చిన మొదటి వేసవి. స్టుట్‌గార్ట్‌లో ఎస్-బాన్ రైలు ఎక్కి చివరి స్టేషన్లో దిగితే మా ఊరు. మా ఆయనది కార్ల విడిభాగాల కంపెనీలో ఐటీ ఉద్యోగం. మార్చి నుంచి మా భోజనాల బల్లే ఆయన ఆఫీసు. ఆయన వీడియో కాల్‌లో నేను కనపడకుండా గోడవార నడవడం నేర్చుకుంటున్న రోజులు. నేను దేశంలో ఉండగా ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్లు చేశాను. వారానికోసారి వచ్చే రైతు పేజీ కూడా నా చేతిమీదుగానే పోయేది. ఇక్కడికి వచ్చాక రాయడానికి పత్రిక లేదు. జర్మన్ క్లాసులకు వెళ్లడం, రావడం. ఆ వసంతంలో సరిహద్దులు మూసేయడంతో, ఏటా తూర్పు దేశాల నుంచి పొలం పనులకు వచ్చే కూలీలు చాలామంది రాలేకపోయారు. చేతనైన వాళ్లు రమ్మని సూపర్ మార్కెట్ తలుపు మీద ఎవరో కాగితం అంటించారు. ఫోన్ చేశాను. నా వయసు అడగలేదు, సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగారు.

పని మొక్కజొన్న వేరుపురుగు మీద. ఎదిగి పెంకుపురుగైనప్పుడు అది పసుపుగా, వీపు మీద నల్ల చారలతో చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. వేసవి చివర మొక్కజొన్న చేలో మట్టిలో గుడ్లు పెడుతుంది. గుడ్లు చలికాలమంతా నేలలోనే ఉండి, మళ్లీ మొక్కజొన్న మొలిచి కాస్త ఎదిగే వేళకు పగిలి పిల్లపురుగులు బయటికొస్తాయి. ఆ పిల్లపురుగుకు మొక్కజొన్న వేరు తప్ప ఇంకేదీ పెద్దగా పట్టదు. వేర్లు పోయిన మొక్క గాలివానకు పడుతుంది, మళ్లీ లేవబోయి మెడ వంచిన కొంగలా నిలబడుతుంది. దీనికి అందరికీ తెలిసిన మందు ఒకటే, మరుసటి ఏడు ఆ పొలంలో వేరే పంట వేయడం. బయటికొచ్చిన పురుగు తిండి లేక చస్తుంది. అందుకే మా ప్రాంతంలో ఏటేటా మొక్కజొన్న మీద మొక్కజొన్న వేయనివ్వరు. పరీక్ష కోసమని ఆ ఒక్క పొలానికి మినహాయింపు తెచ్చుకున్నారు. అదీ ఆ ఒక్క ఏడాదికే.

పొలాన్ని తాళ్లు పట్టి చిన్న చిన్న మళ్లుగా విడగొట్టారు. కొన్నింటిలో పురుగుమందు పూసిన ఎర్ర గింజ వేశారు. కొన్నింటిలో నీలం గింజతో పాటు సాలులో మందు గుళికలు వేశారు. మిగిలిన నాలుగు మళ్లలో ఏ మందూ లేదు. వాటిని కంట్రోల్ అంటారు. నా మాటల్లో చెప్పాలంటే అవి పురుగుకు వదిలిన మళ్లు. అక్కడ పురుగు ఎంత తిన్నదో తెలిస్తేనే, పక్క మళ్లలో మందు ఎంత కాపాడిందో తెలిసేది. ఏ మడి ఏదో గుర్తుపట్టకుండా అన్నిటినీ కలిపేసి, చివర్లలో నంబరు పుల్లలు మాత్రం పాతారు.

జూలైలో మొక్కలు తవ్వి, వేర్లు కడిగి, సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయాలి. ఏమీ తినకపోతే సున్నా, బాగా తింటే మూడు. మార్కులు వేసే పని నాకిచ్చారు. నాకేదో తెలుసని కాదు. ఏ నంబరు ఏ మడో నాకు తెలియదని. "నీకు తెలియకపోవడమే నాకు కావాలి," అని ట్రయల్ ఆవిడ నవ్వుతూ చెప్పింది. పత్రికలో నన్ను ఇంత మెచ్చుకున్నవాళ్లు లేరు.

ఆవిడ నవ్వు తక్కువ. దానికి కారణముంది. ఇళ్లలో కూర్చోలేక జనమంతా పొలాల మధ్య దారుల్లో నడకకు వస్తున్నారు. తెల్ల సూట్లు, మాస్కులు, చేలో నంబర్లు చూసి ఆగుతున్నారు. ఏం చల్లుతున్నారని అడుగుతున్నారు. తేనెటీగల సంగతేమిటని ఒకాయన కంచె అవతల నుంచి పావుగంట అరిచాడు. ఇంకొకరు మా ఫొటోలు తీసుకుని వెళ్లారు. "ఈ పొలంలో ఒక్క గింజ ఉండాల్సిన చోట కాకుండా ఇంకో చోట ఉన్నా రేపు నేను జవాబు చెప్పుకోవాలి," అని ఆవిడ విత్తిన రోజు మమ్మల్ని నిలబెట్టి చెప్పింది.

అమ్మాయి మా కింది అంతస్తులో ఒక గది అద్దెకు ఉండేది. తెలంగాణ నుంచి వ్యవసాయంలో మాస్టర్స్ చేయడానికి వచ్చింది. ఈ ట్రయలే ఆమె థీసిస్. అంతకు ముందు ఏడు ఇంకో ల్యాబులో మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోవడంతో ఇది రెండో ప్రయత్నం. చలికాలంలో ఆమె ఇక్కడ ఉండే పర్మిట్ అయిపోతుంది. పొడిగించాలంటే చదువు ముగియవస్తోందని యూనివర్సిటీ రాసివ్వాలి. "ఈ సీజన్ పోతే ఇంకో సీజన్‌కి నేనుండను ఆంటీ," అనేది. గొంతులో ఏ మార్పూ లేకుండా, వాతావరణం సంగతి చెప్పినట్టు.

ఆమె అమ్మ ఫిబ్రవరిలో చూడటానికి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయింది. విమానాలు ఆగిపోయాయి. వీసా గడువు పెంచమని అడగడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకదు, ఈమెయిల్‌కి జవాబు రాదు. వాళ్లది వరంగల్ వైపు పల్లె. పత్తి, మక్క, అంటే మొక్కజొన్న, పండిస్తారు. ఆ గదిలో రెండు మంచాలు వేస్తే నిలబడటానికి చోటు లేదు. నడకకు అభ్యంతరం లేదు కాబట్టి, ఆవిడ రోజూ మధ్యాహ్నం చీర మీద కూతురి జాకెట్ వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పొలానికి వచ్చేది. వచ్చిన మొదటి రోజు ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది.

"వదినె, గీ మన్ను సూడు, పిండి లెక్క. గింత మంచి భూమి వెట్టుకుని గీళ్లు పురుగుల్ని సాదుకుంటున్నరు," అంది.

"సాకడం కాదు వదినగారూ, పరీక్ష," అన్నాను.

"పరీక్షలు పిల్లలకు వెడ్తరు, సేన్లకు వెడ్తరా?"

ఊళ్లో రోహిణి కార్తె నడుస్తోందని, మిరుగం, అదే మృగశిర, వస్తోందని, ఈపాటికి తాను దుక్కిలో ఉండాలని ఆవిడ రోజూ చెప్పేది. ఫోన్‌లో భర్తను ఏ సాలు ఎటు వేశావని అడిగేది. ఆ గొంతు మా మెట్ల దాకా వినిపించేది.

ఆ జూలై రోజు కూడా మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. షెడ్డు బయట నీడలో డబ్బా పెట్టి, చేతులు కొంగుతో తుడుచుకుంటూ లోపలికి తొంగి చూసింది. బకెట్లో నిలబెట్టిన వేరు కంటపడింది. దగ్గరికొచ్చింది. ఆపేలోపే చేత్తో పట్టుకుని తిప్పి, ఆ ఎర్ర పొట్టును గోటితో తాకింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"గిది నేను వెట్టిందే గదనే!"

అమ్మాయి ఆ పొట్టు వైపు చూసి తెల్లబోయింది.

"ఏం వెట్టినవ్ అమ్మా?" అని అడిగింది.

"పోగుంటలు వెట్టిన బిడ్డా. కాకులు మొలకలు పీకిపాయె గద. ఎక్కడికక్కడ బోడిగ ఉండె. సూడబుద్ధి గాలే."

పోగుంటలంటే తెలియని వాళ్లకు చెప్పాలి. విత్తిన చేలో మొలక రాని చోట మళ్లీ గింజ పెట్టడం. రైతు పేజీలో ఏటా తొలకరికి ఆ మాట నేను దిద్దే వార్తల్లో ఉండేది: సకాలంలో పోగుంటలు పెట్టుకోవాలి. సాలులో ఖాళీ వదిలేయడం అక్కడ చేనుకు చేసిన ద్రోహం కింద లెక్క. పది మంది చూసి నవ్వుతారు.

"ఎప్పుడు వెట్టినవ్?"

"నువ్వు మొలకలు లెక్కవెట్టినవ్ సూడు, ఆ దినమే. నువ్వు అటు తిరిగి రాసుకుంటున్నవ్, నేను ఇటు వెట్టుకుంట వచ్చిన. నీకు ఆసరైతది అనుకున్న."

"గింజలు ఏడియి నీకు?"

"ఇత్తినప్పుడు మిషిని తిరిగే కాడ వడ్డయి. ఇత్తనం తొక్కుకుంట పోతరా ఎవరన్న? ఏరి కొంగుల కట్టుకున్న. డబ్బాల దాసిన."

"ఉత్త చేతుల్తోనా?"

"మరి గరిటెతోనా?"

అమ్మాయి తల్లి చేతులు లాక్కుని వేళ్లు తిప్పి చూసింది. రెండు నెలల కిందటి మందు వేళ్ల మీద కనిపిస్తుందన్నట్టు. "దానికి పాయిజన్ పూస్తరమ్మా. నాకెందుకు చెప్పలే?"

"ఊర్ల పత్తిగింజ వెట్టమా? దానికి పుయ్యరా? అన్నం తినే ముందర కడుక్కున్న తియ్."

కాకులు ఎక్కడ పీకాయన్నదే అసలు సంగతి. ఎర్ర గింజ మందు వాసనకు కాకి దాని జోలికి పోదు. గుళికలు వేసిన సాళ్లనూ పెద్దగా ముట్టలేదు. అవి హాయిగా నడుచుకుంటూ పీక్కుతిన్నది ఏ మందూ లేని మళ్లలోనే. అంటే ఈవిడ ఖాళీలు వెతుక్కుంటూ పోయి, పురుగుకు వదిలిన మళ్లలోనే, పురుగు తినలేని గింజలు పెట్టింది.

మా గొంతులు విని ట్రయల్ ఆవిడ వచ్చింది. అమ్మ చేతిలో వేరు, అమ్మ ముఖంలో సంతోషం చూసింది. అమ్మ ఆవిడకు కూడా చెప్పాలనుకుంది. చూపుడు వేలితో గాలిలో మట్టిని పొడిచి, గింజ వేసినట్టు, మడమతో మూసినట్టు చేసి చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మీ అమ్మ ఏమంటోంది?" అని ఆవిడ ఇంగ్లిషులో అడిగింది.

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"వేరు బాగుందంటోంది. మా ఊళ్లో గింజలు ఇలా చేత్తో పెడతారని చూపిస్తోంది," అని చెప్పింది అమ్మాయి.

ట్రయల్ ఆవిడ నవ్వి, అమ్మకు బొటనవేలు చూపించింది. అమ్మ కూడా బొటనవేలు చూపించింది. తర్వాత ఆవిడ వేరు అందుకుని బకెట్ మీద నంబరు చదివింది. నవ్వు ఆగిపోయింది. నాకు ఏ నంబరు ఏదో తెలియదు గానీ ఆవిడకు తెలుసు. వేరును వెలుతురులోకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఆవిడ బొటనవేలు సరిగ్గా ఆ పొట్టు మీదే ఉంది.

"ఈ మడిలో ఇంత మంచి వేరా," అని తనలో తాను అనుకుంది. మాతో అంది: "ఇలాంటివి ఇంకా వస్తే నాకు చెప్పండి. ఈ పొలంలో అసలు పురుగే సరిగా లేదేమో. అలాగైతే మందు వేసినా వేయకపోయినా ఒకటే అని రాయాల్సి వస్తుంది."

వేరును బకెట్లో పెట్టి తన వ్యాను దగ్గరికి వెళ్లింది. అక్కడ మడతకుర్చీ వేసుకుని రొట్టె తీసింది.

మేం ముగ్గురం నీడలో కూర్చున్నాం. అమ్మ డబ్బా విప్పి చపాతీలు పంచింది. అమ్మాయి ముట్టలేదు.

"చెప్పకపోతే ఏమైతది ఆంటీ?"

"ఆవిడ చెప్పిందిగా. మందు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే అని రాసుకుంటారు. నీ థీసిస్ టైముకి అయిపోతుంది."

"అది తప్పు గద."

"తప్పో ఒప్పో చెప్పాల్సిన మళ్లే కలిసిపోయాయమ్మా."

"చెప్తే?"

"నీకే బాగా తెలుసు."

అవును, ఆమెకు బాగా తెలుసు. ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఏయే మళ్లల్ల వెట్టినవో యాదికున్నదా? ఎన్ని గింజలు?"

"లెక్కవెట్టి వెడ్తరానే? ఖాళీ కనవడ్డ కాడల్లా వెట్టిన. తినవే, సల్లారుతున్నయ్."

అమ్మాయి తన వాటా చపాతీని తల్లి ముందుకు జరిపి లేచింది. మాస్కు సరిచేసుకుని వ్యాను వైపు నడిచింది. నేను వెంట వెళ్లలేదు. రమ్మనలేదు, వెళ్లడం నా పనీ కాదు. దూరం నుంచి చూసిందే చెబుతాను. అమ్మాయి నిలబడి మాట్లాడింది, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. ట్రయల్ ఆవిడ మొదట రొట్టె నములుతూ వింది. నమలడం ఆపింది. రొట్టెను కాగితంలో చుట్టింది. తర్వాత కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అమ్మాయి అలాగే నిలబడి ఉంది.

"ఏమంటుందామె?" అని అమ్మ నన్ను అడిగింది.

"పని సంగతి వదినగారూ."

"నా పేరేమన్న తీస్తున్నరా? అమ్మాయి ఇటు సూస్తున్నది."

ఆవిడ చపాతీ మడిచి డబ్బాలో పెట్టేసింది.

ట్రయల్ ఆవిడ అరవలేదు. అరిస్తే మాకు తేలికయ్యేది. ఎర్ర రిబ్బను చుట్ట ఒకటి పట్టుకుని వచ్చి, పెట్టిన చోట్లు చూపించమని అమ్మను అడగమంది. ముందు అమ్మ, వెనక అమ్మాయి, ఆమె వెనక ట్రయల్ ఆవిడ, చివర నేను చేలోకి వెళ్లాం. మే నెలలో జానెడున్న మొక్కలు ఇప్పుడు మా తలలు దాటాయి. ఆకుల అంచులు బుగ్గలు కోస్తున్నాయి. లోపల గాలి లేదు. మాస్కుల వెనక నలుగురి ఊపిరీ వినబడుతోంది.

"ఈడ," అంది అమ్మ. ట్రయల్ ఆవిడ రిబ్బను కట్టింది. "ఈడ. గా పక్కకు. ఈడ." కొంచెం దూరం పోయాక ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "ఆగుండ్రి, గది కాదు. గిదేమో." మళ్లీ ముందుకెళ్లింది. పోయిన కొద్దీ వేలు చూపించడం నెమ్మదించింది. అన్ని మొక్కలూ ఒకేలా ఉన్నాయి. "అప్పుడు నా కాళ్ల కాడ ఉండె. ఇప్పుడేం ఎరుకైతది?" అంది. రిబ్బన్లు మాత్రం చాలా అయ్యాయి. కొన్ని, కాకులు దిగని మళ్లలో కూడా.

ఒడ్డు మీదికి వచ్చాక అమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"ఏందే? తప్పయిందా?"

"ఏం లేదమ్మా."

"నాకు అబద్ధాలు జెప్పకు. మక్కసేన్ల రిబ్బన్లు గడ్తున్నరు. ఏం జేసిన నేను?"

అమ్మాయి చెప్పింది. ఆ మళ్లలో మొక్కలు పురుగు తినడానికే ఉన్నాయని, తింటేనే లెక్క తేలుతుందని, ఇప్పుడు తేలదని. తన పర్మిట్ సంగతి చెప్పలేదు. అమ్మ అంతా వింది.

"తిననీకి వెట్టిన్రా," అంది. "పొట్టకొచ్చేదాక పెంచి, పురుగు తిననీకి?"

"అవునమ్మా."

"మరి నాకెవ్వరన్న జెప్పిన్రా? తాడు గట్టినోళ్లు, గీ మడి మీదికి పోకని ఒక్క మాట జెప్పొద్దా?"

ఆ కంచె మీద మూడు భాషల్లో బోర్డు ఉంది. అందులో ఆవిడ చదవగలిగే భాష లేదు. కూతురు రోజూ చెప్పే మాటల్లో కూడా ఆ ముక్క ఎన్నడూ రాలేదు. ఇక్కడ అది చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచదు.

అమ్మ ట్రయల్ ఆవిడకు దండం పెట్టబోయింది. ఆవిడ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసి, "నైన్, నైన్," వద్దు వద్దని చేతులు ఊపింది. దూరం పాటించాలని వెనక్కి వేసిందో, దండం చూసి వేసిందో అమ్మకు తెలియదు. ముఖం తిప్పుకుని డబ్బా తీసుకుని ఊరి వైపు నడిచింది. ఆ తర్వాత ఆవిడ పొలానికి రాలేదు.

మిగిలిన పగలంతా, మర్నాడూ నాలుగు కంట్రోల్ మళ్లనూ మొదలంటా తవ్వాం. ప్రతి వేరునూ కడిగి పొట్టు రంగు చూడమన్నారు. నీలం ఉంటే ఒక వైపు, ఎరుపు ఉంటే ఒక వైపు, పొట్టు కుళ్లిపోయి రంగు తెలియనివి మధ్యలో. మధ్య కుప్పే పెద్దదయింది. ఆ కుప్పలో బాగున్న వేర్లూ ఉన్నాయి, తినేసిన వేర్లూ ఉన్నాయి. బాగున్నవి అమ్మ పెట్టిన మొక్కలో, పురుగుకు దొరక్క బతికిన మొక్కలో ఎవరూ చెప్పలేరు. పొట్టిగా ఉన్నవి ఆలస్యంగా పెట్టినవి అనుకుందామా అని అమ్మాయి అడిగింది. "అనుకోవచ్చు. రాయలేం," అంది ట్రయల్ ఆవిడ.

రెండో రోజు చివర నేను ఆవిడను అడిగాను, వచ్చే ఏడు మళ్లీ చేయవచ్చు కదా అని. "ఈ పొలంలో వచ్చే ఏడు గోధుమ. రూల్ అదే. ఇంకో పొలం, ఇంకో అనుమతి. ఈ గొడవల్లో ఎవరిస్తారు?" అంటూ పారలు వ్యానులో వేసుకుంది.

అమ్మాయి విషయం రెండు వారాలు తేలలేదు. ఆ రెండు వారాలూ కింది గదిలో తల్లీ కూతుళ్లు గట్టిగా మాట్లాడుకోవడం నేను వినలేదు. మెట్ల మీద ఎదురైతే అమ్మ నన్ను ఒకటే అడిగేది: "పిల్లను ఎల్లగొడ్తరా వదినె?" తెలియదని చెప్పేదాన్ని. చివరికి ప్రొఫెసర్ ఆన్‌లైన్ మీటింగులో, రెండు మందు పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చి రాయడానికి ఒప్పుకున్నాడు. మందు వేస్తే ఎంత లాభమన్నది మాత్రం రాయకూడదు. ఏం జరిగిందో థీసిస్‌లో దాచకుండా ఒక పేరా ఉండాలి. ఆ పేరా అమ్మాయి ఇంగ్లిషులో రాసి నా దగ్గరికి తెచ్చింది. అందులో అమ్మ 'అనధికార వ్యక్తి' అయింది. "ఇంతకన్నా మంచి మాట ఉందా ఆంటీ?" అని అడిగింది. 'కుటుంబ సభ్యురాలు' అని దిద్దాను. ఆమె దాన్ని కొట్టేసి, మళ్లీ మొదటి మాటే పెట్టుకుంది. కుటుంబం అంటే ఆమె తెలిసే చేయించిందనుకుంటారని భయం. ఆ భయం నిజమే.

థీసిస్ ఇచ్చింది. పాసయింది, మార్కులు తక్కువే. పర్మిట్ పొడిగింపు ఈమెయిల్లో వచ్చింది. అమ్మకు అంతకు ముందే, ఆగస్టులో, ప్రత్యేక విమానంలో చోటు దొరికింది. వెళ్లే రోజు నాకు ఒక సీసాడు పచ్చడి ఇచ్చి, పొలం మాట ఎత్తకుండా వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆ పొలంలో గోధుమ వేశారు. ఆ వేసవిలో చుట్టుపక్కల పొలాల్లో పెట్టిన పసుపు జిగురు అట్టలకు పెంకుపురుగులు పడుతూనే ఉన్నాయని విన్నాను. ఆ మట్టిలో, ఆ ఏడాది, మందు వేయకపోతే వేరుపురుగు ఎంత తినేదో, వేసిన మందు అందులో ఎంత ఆపిందో, తేల్చడానికే ఆ పరీక్ష పెట్టారు; దానికి ఇప్పటికీ జవాబు లేదు.